సబ్బు చెయ్యి

ఎదురింటి టముకు పొద్దున్నే కుళాయి దగ్గర అన్న మాట, కిరాణాకొట్టు మెట్లు ఎక్కి దిగి, మధ్యాహ్నానికి ఆడపడుచు నోట కూర్చుని వంటింట్లోకి వచ్చింది.

"ఆ ఇంటి కోడలి చెయ్యి తగిలితే గుల్లలే నోళ్ళు మూసుకుంటున్నాయి, ఇంక మనుషులెంత అందిట" అంది ఆడపడుచు. "నేనన్లేదు వదినా. విన్నది నీ చెవిన వేశానంతే."

"విన్నది వేశావు సరే, తిన్నది అరిగిందా?" అంది కోడలు, కడిగిన గిన్నె బోర్లిస్తూ.

టముకుకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఏ ఇంట్లో గరిటె జారిపడినా నాలుగు వీధులకి చాటింపు వేసే మనిషి కనక ఈ పేరు స్థిరపడిపోయింది. గడప అవతల గోడకి చేరబడి కూర్చున్న అత్త ఇదంతా వింటూనే ఉంది. "దాని నోరు తెరుచుకున్నట్టు మన గుల్లలు తెరుచుకుని ఉంటే ఈపాటికి కోత అయిపోయేది" అంది. ఆ నోటితోనే, "ఊరికే పుట్టదులే మాట. నిప్పు లేందే పొగ రాదు" అని కూడా అంది.

కోడలు రెండో గిన్నె అందుకుంది. 

ఆ ఇంటికి పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా రేవు పక్కన నీళ్ళలో, ఖాళీ పీపాల మీద తేలే ఒక వెదురు తెప్ప. తెప్పకి వేలాడదీసిన తాళ్ళు, తాళ్ళ నిండా గుత్తులు గుత్తులుగా నల్లగుల్లలు. ఆల్చిప్పల జాతివే, బొటనవేలంత పొడుగు. వాటికి మేత వెయ్యక్కర్లేదు. నోరు కాస్త తెరుచుకుని సముద్రాన్ని లోపలికి పీల్చి, అందులోని నలుసూ నాచూ తిని, వడగట్టిన నీళ్ళు బయటికి వదులుతాయి. "కుడితి అడగని గొడ్డు" అనేది అత్త. మోకాళ్ళు అరిగి, కళ్ళకి పొరలు కమ్మేదాకా ఆ తెప్ప మీద బతికింది ఆమె. ఈ ఏడే మొదటిసారి తాళ్ళకి పిల్లగుల్లలు కట్టే పని కోడలికి అప్పజెప్పింది. అప్పజెప్పేటప్పుడు రేవులో అందరి ముందూ ఒక మాట అంది: కోత సరిగ్గా వస్తే తన నడుముకున్న తాళ్ళ కత్తి కోడలిది, రాకపోతే కూతురిది. ఆ కత్తి ఎవరి నడుముకుంటే తెప్ప వాళ్ళది. ఆ కూతురే ఈ ఆడపడుచు; మొగుడు పని మీద దూరం వెళ్ళాడని, ఏడో నెల కడుపుతో పుట్టింట్లోనే ఉంది. అప్పటినించీ ఆమె చూపు తెప్ప మీద, చెయ్యి నడుం మీద.

ఆ రేవులో బేసిన్ చూడందే కోత లేదు. తెల్ల పింగాణీ బేసిన్‌లో సముద్రపు నీళ్ళు పోసి, చారెడు బురద కలిపి, అడుగున ఒక తెల్లచిప్ప వేస్తారు. పైన తాళ్ళ మీది గుల్లలు దోసెడు వదులుతారు. ఆకలి మీదున్న గుల్లలైతే కాసేపట్లో బురదంతా మింగేసి నీళ్ళు తేట చేస్తాయి, చిప్ప కనబడుతుంది. అప్పుడు కొనే వ్యాపారి సరే అంటాడు. ఏ కోడలైనా, ఏ అత్తైనా ఆ బేసిన్‌తో వాదించలేదు.

నిన్న వీళ్ళ బేసిన్ తేటపడలేదు. పక్కవాళ్ళు తమ బేసిన్ పారబోసుకుని ఇంటికెళ్ళారు, ఇంకొకళ్ళు వెళ్ళారు. వీళ్ళ గుల్లలు బురదనీళ్ళలో పెదవి కూడా విప్పకుండా, అలిగిన పెళ్ళివారిలా కూర్చున్నాయి. చివరికి అత్త వంగి కోడలి చెయ్యి పట్టుకుని వాసన చూసింది. అందరి ముందూ.

కోడలు పొద్దుటిపూట లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతుంది. సబ్బు అంటిన చెయ్యి గుల్లకి గిట్టదనేది ఆ రేవులో పసిపిల్లకి కూడా తెలుసు. బేసిన్‌లో ఒక్క సబ్బు బొట్టు పడితే చాలు, తలుపులు బిగించుకుంటాయి. ఇంక ఎవరూ ఏమీ వెతకలేదు. కారణం దొరికిపోయింది.

"నాలుగు రోజులాగి ఇంకోసారి బేసిన్ పెడతాను" అంది అత్త గడప అవతల్నించి. "ఈసారి నువ్వు తాడు ముట్టుకోకు. అప్పుడూ చిప్ప కనబడకపోతే నన్నేం అనుకోకు."

"నేను సబ్బు కడుక్కునే వెళ్ళాను అత్తా, ప్రతిసారీ."

"కడుక్కుంటే పోయేదైతే అది సబ్బెందుకవుతుంది" అంది ఆడపడుచు.

మర్నాడు లాడ్జి పని ముగించుకుని కోడలు రేవు మెట్ల మీద కూర్చుంది. తడి ఇసుక పిడికిట్లోకి తీసుకుని అరచేతులు తోమింది. వేళ్ళ సందులు తోమింది, గోళ్ళ కింద తోమింది, మణికట్టు దాకా తోమింది. ఉప్పునీళ్ళలో ముంచితే భగ్గుమన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన వస్తోందో, వస్తోందని తనే అనుకుంటోందో తెలియలేదు. ఒకవేళ నిజమేనేమో అని కూడా అనిపించింది. పదిమంది ఒకే మాట అంటుంటే మన చెయ్యి మనకే దొంగచెయ్యిలా కనబడుతుంది.

తాడు ముట్టుకోవద్దంది అత్త. అయినా కోడలు చిన్న పడవ విప్పుకుని తెప్ప మీదికి వెళ్ళింది.

తెప్పకి ఒక కొస సముద్రం వైపు, రెండో కొస ఓడలు బాగుచేసే యార్డు గోడ వైపు. ముందు సముద్రం వైపు తాడుకి కొక్కెం తగిలించి, పాదం వెదురుకి తన్నిపెట్టి లాగింది. తాడు బరువుగా, జలజలమంటూ వచ్చింది. ఒక గుల్లని విడదీయబోతే తాడుని కరుచుకున్న దాని పీచు పట్టు వదల్లేదు, మెలిపెట్టి తుంచాల్సి వచ్చింది. కొన్ని తుంచి బకెట్లో వేసి, నీళ్ళు పోసి, తాడుకి అంటిన బురద కలిపింది. నడుచుకుంటూ గోడ వైపు కొసకి వెళ్ళి అక్కడి తాడు లాగింది. అది తేలిగ్గా వచ్చేసింది. గుల్లలున్నాయి గానీ, చెయ్యి తగిలితే చాలు, పండిన ఆకుల్లా నీళ్ళలోకి రాలిపోతున్నాయి. దేనికీ పట్టు లేదు. ఒకదాన్ని చిప్పల మధ్య గోరు దూర్చి తెరవబోయింది. తెరుచుకోలేదు. కొక్కెంతో కొట్టి తెరిచింది. లోపల పసుపుపచ్చగా నిండుగా ఉండాల్సిన మాంసం, నానిన కాగితంలా చిప్పకి అతుక్కుని ఉంది. అన్నం ముందు కూర్చోబెట్టి మూతి కుట్టేసినట్టు, ఎన్నాళ్ళుగానో తిండి లేదు దానికి.

ఇవీ కొన్ని రెండో బకెట్లో వేసి బురద కలిపింది. రెండు బకెట్లూ పక్కపక్కన పెట్టుకుని, తెగిన కట్లు ముడేసుకుంటూ కూర్చుంది. ముళ్ళు అయ్యేసరికి మొదటి బకెట్ అడుగు కనబడుతోంది. గుల్లలు సన్నగా నోళ్ళు తెరిచి, అంచున ముడతల గుడ్డలాంటి పొర ఆడిస్తున్నాయి. రెండో బకెట్లో బురద బురదలాగే ఉంది.

రెండు కొసలూ కట్టింది తనే. ఒకే రోజు, ఒకే చేతులతో కట్టింది.

గోడ వైపు తాడు మళ్ళీ లాగి, గుల్లల మధ్య పేరుకున్న మడ్డిని వేళ్ళ మధ్య నలిపింది. నల్ల మడ్డిలో ఇటుకపొడిలాంటి ఎర్ర నలుసులు. నీళ్ళలో కడిగితే మడ్డి పోయింది, ఎరుపు వేలికి అలాగే ఉంది. ఒడ్డుకొచ్చి ఇసుకతో తోమింది. పోలేదు. ఎన్నో దుప్పట్ల ఎన్నో మరకలు వదిలించిన మనిషి ఆమె. కూర మరక, తుప్పు మరక, నెత్తురు మరక, దేని మందు దానికి తెలుసు. ఏ మందుకీ లొంగనిది ఒక్క మరకే ఉంది ఆమె ఎరికలో. అది తన మొగుడి చొక్కాల మీద ఉంటుంది.

సాయంత్రం అతను యార్డు నించి వచ్చి, పెరట్లో కిరోసిన్ గుడ్డతో గోళ్ళు తుడుచుకుంటుంటే, దండెం మీది చొక్కా తీసి ముందు పెట్టింది.

"ఏంటిది?"

"చొక్కా అని నాకూ తెలుసు. ఈ మరకేంటి?"

"ఓడ అడుగు రంగు. పోదని ఎన్నిసార్లు చెప్పను?"

"తాడుకి కూడా పోవట్లేదు."

గుడ్డ ఆగింది. మళ్ళీ మెల్లగా కదిలింది. ఒక్కొక్క గోరూ, బొటనవేలు నించి చిటికెనవేలు దాకా.

"ఆ రంగు ఎందుకేస్తారయ్యా ఓడకి?"

"నీకు తెలీదా?"

"నువ్వు చెప్పు."

"అడుక్కి గుల్ల పట్టకుండా." గొంతు తగ్గించాడు. "గుల్ల పడితే ఓడ బరువెక్కుద్ది. అందుకని పట్టకుండా వేస్తారు. ఇదివరకు పాత రంగు గోకి, పొట్టు గోనెల్లో కట్టి బండికెత్తేవాళ్ళం. ఇప్పుడు గోనె లేదు, బండీ లేదు. పెద్ద గొట్టంతో నీళ్ళు కొట్టి రాల్చేస్తున్నాం. ఆటు మొదలయ్యేముందు తూము తీస్తే, నీళ్ళతోపాటు పోద్దిలే అన్నాడు మేస్త్రీ."

"ఎక్కడికి పోద్ది?"

అతను గోడ వైపు చూశాడు. గోడ అవతల ఏముందో ఇద్దరికీ తెలుసు.

"గొట్టం పట్టుకునేదెవరు?"

"రోజుకొకడు" అన్నాడు. గుడ్డ మడత మార్చి, "ఎక్కువ నేనే" అన్నాడు.

ఆమె రాతి అంచు మీద కూర్చుంది. అరచేతులు మండుతున్నాయి. "అత్తకి ఒక్క మాట చెప్పు. ఇది నా చెయ్యి కాదు అని. అంతకంటే ఏమీ చెప్పక్కర్లేదు."

"అమ్మ సంగతి నీకు తెలీదు. చెప్పానంటే కర్ర పుచ్చుకుని యార్డు గేటుకడ్డం కూర్చుంటుంది. వచ్చే నెల నన్ను ఖాయం చేస్తామన్నారు. ఇన్నాళ్ళు రోజుకూలీగా పడున్నది దేనికి?"

"తెప్ప ఉంది కదా మనకి."

"ఉంది. ఎన్నాళ్ళుంటది?" అన్నాడు. ఆ మాట అనడం అతనికీ ఇష్టం లేనట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"గుల్లల కూర చేస్తే వాసనొస్తోందని తినడం మానేశావు చూడు, ఓడ అడుగు పనిలోకి మారినప్పట్నించీ. వాసన కాదన్నమాట."

అతను లేచాడు. గుడ్డ పిండి దండెం మీద వేశాడు. "బేసిన్ సంగతి నేను చూసుకుంటా. నిన్నింక ఎవరూ ఏమీ అనరు, కత్తి నీకే వస్తది. సరేనా?"

ఎలా చూసుకుంటావని ఆమె అడగలేదు.

బేసిన్ రోజున అతను సెలవు పెట్టాడు. సబ్బు చెయ్యి తగలకూడదని అత్తే కదా అంది. గుల్లలు తెచ్చే పని కొడుకు మీద వేసుకుంటే ఆమెకి సంతోషమే అయింది. పొద్దున్నే పడవ తీసుకెళ్ళి బకెట్ నిండా తెచ్చాడు. ప్యాంటు తొడల దాకా తడిసి ఉంది. తెప్ప మీదికి వెళ్ళిన మనిషికి పాదాలు తడుస్తాయి, తొడలెందుకు తడిశాయని ఎవరూ అడగలేదు.

రేవు మెట్ల దగ్గర జనం చేరారు. టముకు ముందు వరసలో ఉంది, మంచి చోటు దొరకదేమోనని వంట మానుకుని వచ్చింది. గుల్లలు కొనే వ్యాపారి కూడా వచ్చాడు. అతను చేతిలో తక్కెడ లేకపోయినా ప్రతిదాన్నీ అరచేతిలో ఎగరేసి బరువు చూస్తాడు కనక అందరూ కాటాయన అంటారు. కోడల్ని పక్కగా నిలబెట్టారు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది.

అత్త చారెడు బురద కలిపింది. తెల్లచిప్ప జారి అడుగుకి పోయింది. కొడుకు గుల్లలు వదిలాడు.

"పోయినసారి కంటే బురద తక్కువేశావా అక్కా?" అంది టముకు.

"నీ నోట్లో మిగిలింది ఉంటే కలుపు" అంది అత్త.

నవ్వులు ఆగేలోపే బుడగ ఒకటి పైకి వచ్చింది. తర్వాత ఇంకొకటి. బేసిన్ అంచు దగ్గర నీళ్ళు పల్చబడ్డాయి, ఆ పల్చదనం నడిమికి పాకింది. ఎవరో "తాగుతున్నాయి" అన్నారు. ఆడపడుచు మెడ ముందుకి చాచి చూసి, కడుపు పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

అత్తకి నీళ్ళూ బురదా ఒకటే మసక. "చిప్ప కనబడుతోందా?" అని అడిగింది. అందరూ ఒక్కసారి చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. "మీరు కాదు. దాన్ని చెప్పనివ్వండి. నింద పడ్డది అది."

కోడలు దగ్గరికి వచ్చి వంగింది.

చిప్ప కనబడుతోంది. తెల్లగా, దాని మీది గీతలతో సహా. దాని పైన గుల్లలు హాయిగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటి మొనలు అరిగి, గీసుకుపోయి ఉన్నాయి. తాడు మీద పెరిగిన గుల్ల మొన నున్నగా ఉంటుంది. అలలకి రాయికేసి కొట్టుకున్నదానికే అలా అరుగుతుంది. రేవు దాటి, మలుపు దాటి, రాళ్ళ మొన దగ్గర తొడల్లోతు నీళ్ళలో దిగితే దొరికే గుల్లలవి. ఇవి తనవి కావు. తను కట్టినవి కావు.

తలెత్తి మొగుడి వైపు చూసింది. అతను కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు.

"ఏమే, నోరు పడిపోయిందా?" అంది అత్త. గొంతులో ఎప్పుడూ ఉండే గరుకు లేదు.

"కనబడుతోంది అత్తా."

అత్త నడుము ముడి విప్పింది. ముడి బిగుసుకుపోయి ఉంది, వేళ్ళతో రాకపోతే పళ్ళతో లాగింది. కత్తిని తాడుతో సహా కోడలి నడుముకి చుట్టి, ముడేస్తూ, మండుతున్న ఆ అరచేతుల మీద తన చెయ్యి ఒక్క క్షణం ఉంచింది. క్షమించమని అడగడం ఆమెకి రాదు. అదే క్షమించమనడం.

"నేను ముందే అన్నాను, ఆ పిల్లది చలవ చెయ్యని" అంది టముకు, పక్కావిడతో.

మర్నాడు కోత. కోడలు తెప్ప మీద మోకాళ్ళేసుకుని తాళ్ళు లాగింది. సముద్రం వైపు కత్తితో పని పడింది. గోడ వైపు పడలేదు. లాగీ లాగకముందే రాలి గంపలో పడ్డాయి. గంపలన్నీ ఒడ్డున ఒకే కుప్పగా పోశారు. కాటాయన దోసెడు తీసి ఎగరేసి చూశాడు. సంతలో నోరు తెరిచిన గుల్ల చచ్చిన గుల్ల. బిగించుకున్నదానికే విలువ.

"చూశావా, ఒక్కటి పెదవి విప్పలేదు. గట్టి సరుకు" అన్నాడు మెచ్చుకోలుగా. "కాస్త తేలిగ్గా ఉన్నాయి గానీ, ఈ ఏడు అందరివీ అంతేలే."

లారీ వెనక తలుపు కిందికి దించారు. గంపలు ఎక్కడం మొదలయింది.

ఆ ఇంట్లో ఇంకొక కట్టుబాటు ఉంది, అది అత్త పెట్టినది. సరుకు లారీకి ఎక్కుతుండగా మొదటి దోసెడు ఇంటి పొయ్యి మీదికి రావాలి. మనం తినందే పరాయివాడికి అమ్మకూడదు అనేది. కత్తి ఉన్న మనిషే ఆ దోసెడు తియ్యాలి. కోడలు కుప్ప ముందు వంగింది. ఏ కొసవి ఏవో తెలియడం లేదు. చెయ్యి ఇటు పోయి, అటు పోయి, చివరికి ఎదురుగా ఉన్నవే తీసుకుంది.

ఉప్పువేసి ఉడకబెట్టింది. మూత తీస్తే కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని తెరుచుకోలేదు. అందరూ కింద కూర్చున్నారు. అత్తే వడ్డించింది, తడుముకుంటూ, ముందు కొడుక్కి, తర్వాత కూతురికి, ఇంకో గరిటె కూతురికి.

"ఇద్దరికి తినాలి కదా నువ్వు" అంది. "అలక మానుకుని తిను. తెప్ప వదిన దగ్గరుంటే పరాయింట్లో ఉన్నట్టా?"

ఆడపడుచు మూతి ముడుచుకునే ఉంది గానీ ఆకలి వేస్తోంది. ఒక గుల్ల తీసుకుని, లోపలి ముక్క వేళ్ళతో పట్టుకుంది.

కంచం గచ్చు మీద గీసుకున్న చప్పుడైంది.

అన్న దాన్ని తన వైపుకి లాక్కున్నాడు. చెల్లెలి వేళ్ళలోని ముక్క కూడా తీసి అందులో వేశాడు.

ఆడపడుచు మొహం ఎర్రబడింది. "తెప్ప వదినకిచ్చారు, ఊరుకున్నాను. కూడు కూడా లాక్కుంటావా అన్నయ్యా?"

"ఎవర్రా కంచం జరిపింది?" అంది అత్త.

"నేనే. వేడి చేస్తుందమ్మా దానికి."

"నువ్వు కడుపులో ఉండగా గంపెడు తిన్నాను. నీకేం వేడి చేసింది?"

అతను కంచాన్ని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. కోడలు తల వంచుకుని కూర్చుంది. కత్తి ఒరుసుకుని నడుం దగ్గర నొప్పిగా ఉంది, సర్దుకోవడానికి చెయ్యి రాలేదు. అత్త గరిటె గిన్నెలో పెట్టేసింది. చెయ్యి చాచి కొడుకు మణికట్టు దొరకబుచ్చుకుని, వేళ్ళని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఆ రోజు రేవులో కోడలి చెయ్యి వాసన చూసినట్టే చూసింది. కిరోసిన్ కింద ఇంకేదో ఉంది. చాలాసేపు వదల్లేదు.

"నీకు తెలుసా?" అంది, ఈసారి కోడలి వైపు తిరిగి.

కోడలు తెలుసని అనలేదు, తెలీదని అనలేదు. వీధిలో లారీ తలుపు ఎత్తి గొళ్ళెం వేసిన చప్పుడు వినిపించింది. కాటాయన ఎవరినో పోనిమ్మంటున్నాడు.

"మరి అందులో ఎక్కించినవో?" అంది అత్త.

కొడుకు మణికట్టు విడిపించుకున్నాడు. చెల్లెలి కంచంలోవి ఒక్కొక్కటే తిరిగి గిన్నెలో వేస్తూ అన్నాడు:

"అవి తినేది మన చెల్లి కాదుగా."